విచ్చుకునే ప్యాకింగ్

పగిలే వస్తువుకూ దాన్ని మోసే అట్టపెట్టెకూ మధ్య మనం నింపేది చాలావరకు గాలే. బబుల్ షీటు కానీ, థర్మాకోల్ కానీ, ఉండ చుట్టిన పాత పేపరు కానీ చేసేది ఆ గాలి పక్కకు జారిపోకుండా పట్టి ఉంచడమే. గాలికి బరువు దాదాపు లేదు గాని చోటు కావాలి. దాన్ని ఫ్యాక్టరీలోనే నింపేస్తే లారీ నిండా గాలిని మోయాల్సి వస్తుంది. అలా కాకుండా సరుకును చుట్టగానో, మడతల కట్టగానో, డబ్బాలో ద్రవంగానో తెచ్చుకుని, పెట్టె సర్దే బల్ల దగ్గరే ఉబ్బించుకునే పద్ధతులు గత అరవై డెబ్భై ఏళ్లలో ఒక్కొక్కటిగా వచ్చాయి. వాటన్నిటినీ కలిపి విచ్చుకునే ప్యాకింగ్ అనవచ్చు. గాలి దిండ్లు, అక్కడికక్కడ పొంగే నురుగు, కోతలు పెట్టిన కాగితం, కంటైనర్లలో వాడే గాలి సంచులు అన్నీ ఇందులోవే. చూడ్డానికి ఒకదానికొకటి పోలిక ఉండదు. గాలిని ఎక్కడ, ఎవరు నింపాలన్నదే వీటన్నిటి వెనక ఉన్న ప్రశ్న. నింపే చోటు మారినప్పుడల్లా ఖర్చు, యంత్రం, జాగ్రత్త కూడా ఆ చోటికే మారతాయి.

చోటు లెక్క

మీటరు వెడల్పు, వంద మీటర్ల పొడవు ఉన్న మామూలు బబుల్ రోల్‌ను తీసుకుందాం. బుడగ ఎత్తు ఒక సెంటీమీటరు అనుకుంటే ఆ రోల్‌కు సుమారు ఒక ఘనమీటరు, అంటే వెయ్యి లీటర్ల చోటు కావాలి. చదరపు మీటరుకు 50 గ్రాముల చొప్పున దాని తూకం 5 కిలోలు. పాలిథిన్ సాంద్రతతో భాగిస్తే అందులో అసలు ప్లాస్టిక్ ఐదున్నర లీటర్లే. మిగతాదంతా గాలి. మన రోడ్ల మీద తిరిగే 32 అడుగుల కంటైనర్ లారీలో ఇలాంటివి యాభై పైచిలుకు పడతాయేమో. ఏడు టన్నులు మోయగల బండి పావు టన్ను మోసుకుని బయల్దేరుతుంది. డీజిలు, టోలు, డ్రైవరు బత్తా మాత్రం ఏమీ తగ్గవు. దించాక గోదాములోనూ ఇదే తంతు: అమ్మే సరుకు కన్నా దాన్ని చుట్టే సరుకే ఎక్కువ జాగా తింటుంది.

ఇదే పనిని గాలి దిండుతో చేస్తే ఎలా ఉంటుందో చూద్దాం. 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దిండుకు 25 మైక్రాన్ల ఫిల్ము రెండు పొరలు కావాలి. ఆ ఫిల్ము మొత్తం ఒక్క ఘన సెంటీమీటరు. తూకం గ్రాము కూడా ఉండదు. ఊదాక అది 400 ఘన సెంటీమీటర్లకు పైగా చోటు నింపుతుంది. అంటే నాలుగు వందల రెట్లు. అందుకే ఒక చిన్న అట్టపెట్టెలో వచ్చిన ఫిల్ము చుట్ట గోదాములో వారాల తరబడి పని చేస్తుంది.

పార్సెల్ చార్జీల పద్ధతి ఈ లెక్కను ఇంకా బిగించింది. విమానాల్లో పంపే సరుకుకు అసలు తూకం కాక, పెట్టె ఘన సెంటీమీటర్లను 6000తో (కొరియర్ సంస్థలైతే చాలావరకు 5000తో) భాగించగా వచ్చే కిలోలను కూడా చూస్తారు. రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జి. అమెరికాలో ఉన్న పిల్లలకు పచ్చళ్లు, పొడులు పంపే తెలుగువాళ్లకు ఈ సంగతి కౌంటరు దగ్గరే తెలిసివస్తుంది. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలో ఐదు కిలోలు పెట్టినా బిల్లు 7.2 కిలోలకు పడుతుంది. అమెరికాలో యూపీఎస్ 2014 డిసెంబరు చివరి నుంచి, ఫెడెక్స్ 2015 జనవరి నుంచి రోడ్డు మీద వెళ్లే పార్సెళ్లన్నిటికీ ఈ పద్ధతే పెట్టాయి. ఒక మాట ఒప్పుకోవాలి: పెట్టెలో విచ్చుకున్నాక ఈ సామగ్రి కూడా మిగతావాటిలాగే చోటు తింటుంది, కాబట్టి ఆ బిల్లును అది నేరుగా తగ్గించదు. అమ్మేవాళ్లు రవాణాలో కలిసొచ్చే చోటునూ, ఈ బిల్లునూ కలిపి చెప్పేస్తుంటారు. చోటు కలిసొచ్చేది పెట్టె సర్దే చోటికి వచ్చేవరకే.

దెబ్బను మెత్తగా తీసుకోవడం

నడుము ఎత్తు నుంచి, అంటే 75 సెంటీమీటర్ల నుంచి పెట్టె జారి పడిందనుకుందాం. లోపలి వస్తువు ఒక మిల్లీమీటరులో ఆగిపోతే దాని మీద పడే సగటు కుదుపు గురుత్వ త్వరణానికి 750 రెట్లు. అదే రెండున్నర సెంటీమీటర్లు నలుగుతూ ఆగితే 30 రెట్లే. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే చాలు, లెక్క వచ్చేస్తుంది. అసలు కుదుపు అన్ని క్షణాల్లో ఒకేలా ఉండదు; దాని శిఖరం సగటుకు సుమారు రెట్టింపు దాకా వెళ్తుంది. మెత్త మరీ మెత్తనైతే వస్తువు దాన్ని పూర్తిగా నలిపేసి అట్టను గుద్దుకుంటుంది. మరీ గట్టిదైతే అసలు నలగనే నలగదు.

కాబట్టి ప్యాకింగ్ సామగ్రి అంతా ఒకే పని చేయదు. వస్తువు దొర్లకుండా ఖాళీ నింపడం ఒకటి, దెబ్బను మింగడం ఒకటి, ఒరుసుకోకుండా పైన చుట్టడం మరొకటి. గాలి దిండ్లు మొదటి పనికి బాగా పనికొస్తాయి. రెండో పనికి పొంగే నురుగు, మూడోదానికి కోతల కాగితం. ఏ పనికి ఏది అన్నది గుర్తించక పెట్టె నిండా ఏదో ఒకటి కుక్కడం వల్లే చాలా వస్తువులు పగులుతాయి. ప్యాకింగ్‌ను పరీక్షించే పద్ధతులకు అంతర్జాతీయంగా 1948లో మొదలైన ఇస్టా సంస్థ ప్రమాణాలు వాడుకలో ఉన్నాయి. మన దేశంలో 1966లో ముంబయిలో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ ఈ పరీక్షలు చేస్తుంది, శిక్షణా ఇస్తుంది. దానికి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది.

గడ్డి నుంచి బుడగల దాకా

మామిడి బుట్టల్లో వరిగడ్డి, గుడ్ల కింద ఊక, గాజుల మధ్య చింపిన పేపర్లు మనకు అలవాటైన ప్యాకింగే. పాశ్చాత్య దేశాల్లో గడ్డితోపాటు చెక్క పీచు వాడేవారు. ఉండ చుట్టిన పాత పేపరును ఈ కోవకు తొలి ఉదాహరణగా చెప్పుకోవచ్చు: పలకగా వస్తుంది, చేతిలో నలిపితే పది రెట్లు ఉబ్బుతుంది, యంత్రం అక్కర్లేదు. 1871లో న్యూయార్క్‌కు చెందిన ఆల్బర్ట్ జోన్స్ సీసాలు, దీపపు చిమ్నీలు చుట్టడానికి ముడతల కాగితానికి పేటెంటు తీసుకున్నాడు. దానికి అటూ ఇటూ కాగితం అతికించాక ఇప్పటి అట్టపెట్టె పుట్టింది. అట్టపెట్టె కూడా బల్లపరుపుగా వచ్చి, వాడే చోట లేచి నిలబడేదే. అయితే అందరికీ అలవాటైపోయి దాన్ని ఈ జాబితాలో ఎవరూ వేయరు.

బబుల్ షీటు కథ 1957లో న్యూజెర్సీలోని హాథార్న్‌లో మొదలైంది. అమెరికన్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ఫీల్డింగ్, స్విట్జర్లాండ్‌లో పుట్టిన మార్క్ షావాన్ కలిసి రెండు ప్లాస్టిక్ కర్టెన్లను వేడితో అతికించి గోడలకు అంటించే కొత్త రకం కాగితం తయారు చేయబోయారు. అది అమ్ముడుపోలేదు. మొక్కల షెడ్లలో వేడి నిలపడానికి వాడదామన్నా కుదరలేదు. 1960లో వాళ్లు సీల్డ్ ఎయిర్ కంపెనీ పెట్టారు. 1959లో ఐబీఎం ప్రకటించిన 1401 కంప్యూటరును పగలకుండా చేరవేయడానికి ఈ షీటు పనికొస్తుందని కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి ఫ్రెడరిక్ బవర్స్ గుర్తించాక గాని దానికి సరైన పని దొరకలేదు. మామూలు పాలిథిన్‌లోంచి గాలి మెల్లగా కారిపోతుంది కాబట్టి, గాలిని పట్టి ఉంచే పూత ఒకటి వేయడం ఈ కంపెనీ ప్రత్యేకత అయింది.

ఆ కంపెనీయే 2015లో తన సరుకుకు తానే పోటీగా ఊదని బబుల్ షీటు తెచ్చింది. పలచని చుట్టగా వస్తుంది, కొన్నవాళ్లే పంపుతో ఊదుకోవాలి. పాత రోల్ తీసుకునే చోటులో యాభయ్యో వంతు చాలని కంపెనీ చెప్పుకుంది. అయితే ఒక తేడా ఉంది. అందులో బుడగలు విడివిడిగా ఉండవు, వరసకు వరస ఒకే గొట్టంలా కలిసి ఉంటాయి. ఒకటి నొక్కితే గాలి పక్కదాంట్లోకి పోతుంది తప్ప టప్‌మని పేలదు. రవాణా ఖర్చు సంగతి పక్కనపెట్టి పత్రికలన్నీ ఈ పేలకపోవడం గురించే రాశాయి. పేలే పాత షీటు ఇప్పటికీ తయారవుతూనే ఉంది.

గాలి దిండ్లు, గాలి గొట్టాలు

ఇప్పుడు ఆన్‌లైన్ పార్సెళ్లలో కనబడే గాలి దిండ్లను చిన్న యంత్రం తయారుచేస్తుంది. చుట్టగా ఉన్న ఫిల్ము యంత్రంలోకి వెళ్తుంది, సన్నని గొట్టం గాలి ఊదుతుంది, వేడి పట్టీ అంచును అతికిస్తుంది. దిండ్లు హారంలా బయటికొస్తాయి. సిలిండరు, రసాయనం ఏదీ అక్కర్లేదు; గదిలో ఉన్న గాలే ముడిసరుకు.

గాలి గొట్టాల ప్యాకింగ్ ఇంకొంచెం తెలివైనది. పక్కపక్కనే నిలువు గొట్టాలు, వాటన్నిటికీ పైన ఒకే ఊదుడు మార్గం. ప్రతి గొట్టం మొదట్లో పలచని ఫిల్ముతో చేసిన వాల్వు ఉంటుంది. గాలి లోపలికి వెళ్తుంది గాని, లోపలి ఒత్తిడికి ఆ ఫిల్ము అతుక్కుపోయి వెనక్కి రానివ్వదు. ఒక గొట్టానికి చిల్లు పడితే అదొక్కటే వాడిపోతుంది. గాలి ఎక్కువ కాలం నిలవాలని ఈ ఫిల్ములో పాలిథిన్ పొరల మధ్య నైలాన్ పొర పెడతారు. ఆ నైలాన్ వల్లే తర్వాత రీసైక్లింగ్ కష్టమవుతుంది.

గాలి కాబట్టి దానికి గాలి గుణాలే ఉంటాయి. సముద్ర మట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో చిప్స్ ప్యాకెట్లు ఉబ్బిపోయి కనబడతాయి. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. విమానం కడుపులో ఒత్తిడి కూడా నేల మీద ఉన్నదానికి నాలుగింట మూడు వంతులకు దిగుతుంది. అందుకే దిండును బిర్రుగా నింపరు, కొంచెం వదులు ఉంచుతారు. ఎండాకాలంలో మూసిన లారీ లోపల వేడి 30 నుంచి 60 డిగ్రీలకు చేరితే గాలి పదో వంతు పెరుగుతుంది. చలి ప్రాంతంలో దింపితే అంతకంత ముడుచుకుంటుంది, వస్తువు కదలడం మొదలవుతుంది.

అక్కడికక్కడ పొంగే నురుగు

బరువైన యంత్ర భాగాలకు, ఆకారం అడ్డదిడ్డంగా ఉన్నవాటికి గాలి దిండు ఆగదు. అక్కడ వాడేది పాలియురేథేన్ నురుగు. రెండు డ్రమ్ముల్లో రెండు ద్రవాలు వస్తాయి. ఒకదాంట్లో ఐసోసయనేట్, రెండోదాంట్లో పాలియాల్, నీళ్లు. కలిసిన క్షణాన ఐసోసయనేట్ నీళ్లతో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పాలియాల్‌తో కలిసి గోడలు కడుతుంది. వాయువు గోడలను ఉబ్బిస్తుండగానే గోడలు గట్టిపడతాయి. సీల్డ్ ఎయిర్ అమ్మే ఇన్‌స్టాపాక్ రకాల్లో ఈ ద్రవం 280 రెట్ల దాకా పొంగుతుందని కంపెనీ చెబుతుంది.

పని జరిగే తీరు చూడ్డానికి బాగుంటుంది. అట్టపెట్టె అడుగున ఫిల్ము సంచి పెట్టి అందులోకి ద్రవం వదులుతారు. అది పొంగుతుండగానే వస్తువును మెల్లగా దాని మీద ఉంచుతారు. నురుగు వస్తువు కింద గుంటలోకి, పక్క వంపుల్లోకి పాకి దాని అచ్చు తీసుకుంటుంది. పైన ఇంకో సంచి వేసి మూత మూస్తారు. నిమిషం గడిచేసరికి వస్తువు తన ఆకారపు గూట్లో కూర్చుంటుంది. యంత్రం కొనలేని చిన్న షాపులకు చేతి సంచులూ ఉన్నాయి: లోపల రెండు అరలు, మధ్య అతుకును వేళ్లతో నొక్కి పగలగొట్టి, కాసేపు పిసికి పెట్టెలో పడేస్తే అదే పొంగుతుంది.

వస్తువు ఆకారానికి ఒదిగే గుణంలో దీన్ని మించింది లేదు. కానీ ఇబ్బందుల్లోనూ దీనిదే మొదటి స్థానం. ఐసోసయనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కొందరికి ఉబ్బసం తెస్తుంది, ఒకసారి పడకపోతే తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఆయాసం వస్తుంది. గాలి ఆడే గది, చేతి తొడుగులు తప్పవు. ఒకేచోట ఎక్కువ పోస్తే చర్యలో పుట్టిన వేడి బయటికి పోలేక నురుగు మధ్యలో మాడుతుంది. ఇది కరిగించి మళ్లీ అచ్చు పోసే ప్లాస్టిక్ కూడా కాదు. వాడాక చెత్తకుప్పే గతి.

కోతల కాగితం

ఈ మొత్తం కుటుంబంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే, ఎందుకంటే ఇందులో గాలి నింపేది చెయ్యి. గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం మీద వరసలు వరసలుగా చిన్న కోతలు పెడతారు. పై వరసలో కోత ఉన్నచోట కింది వరసలో ఖాళీ, కింద కోత ఉన్నచోట పైన ఖాళీ వచ్చేలా అర్ధం జరిపి కోస్తారు. కోతలకు అడ్డంగా లాగితే ప్రతి కోతా నోరు తెరిచి ఆరు మూలల గడి అవుతుంది. కోతల మధ్య మిగిలిన సన్నని పట్టీలు ఒరిగి నిలబడతాయి. కాగితం పొడుగవుతుంది, వెడల్పు తగ్గుతుంది, మందం మాత్రం చాలా రెట్లు పెరుగుతుంది. పలకగా ఉన్నప్పుడు ఏ బలమూ లేని కాగితం ఇప్పుడు వందలాది నిలువు గోడల మీద నిలబడి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ గోడలు వంగుతూ దాన్ని మింగుతాయి. గడుల అంచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టి రెండు చుట్లు చుడితే టేపు లేకుండానే నిలుస్తుంది. ఈ పద్ధతిపై పేటెంట్లు 1990లలో అమెరికాలో వచ్చాయి. ఇప్పుడు ర్యాన్‌పాక్ కంపెనీ అమ్మే గియామీ ఈ రకంలో ప్రసిద్ధమైంది.

లాగడంలోనే కిటుకంతా ఉంది. సరిగ్గా లాగకపోతే గడులు సగమే తెరుచుకుంటాయి. అప్పుడది మెత్త కాదు, చుట్టిన కాగితమే. అందుకే చుట్టను బ్రేకు ఉన్న స్టాండు మీద పెట్టి, ఆ బిగువుకు ఎదురు లాగుతూ చుడతారు. కొత్తగా చేరినవాళ్లు పొదుపుగా వాడుతున్నామనుకుని తక్కువ లాగుతారు. నిజానికి అలా చేస్తే ఎక్కువ కాగితం ఖర్చవుతుంది.

ర్యాన్‌పాక్ 1972లో ఒహాయోలో పుట్టింది. దాని అసలు సరుకు ఇంకా సాదాది: మడతలు మడతలుగా కట్ట కట్టిన కాగితం. యంత్రం దాన్ని లోపలికి లాక్కుని, అంచులు ముడిచి, నడిమిని కుట్టి మెత్తల పట్టీగా వదులుతుంది. పాత పేపరు ఉండ చుట్టే పనిని యంత్రానికి అప్పగించడమే ఇది. 2024 జూన్‌లో అమెజాన్ ఉత్తర అమెరికాలో 95 శాతం ప్లాస్టిక్ గాలి దిండ్లను తీసేసి కాగితం పెట్టానని, దాంతో ఏడాదికి సుమారు 1,500 కోట్ల దిండ్లు తగ్గుతాయని ప్రకటించింది. భారత్‌లోని తన గోదాముల్లో 2020 జూన్ నాటికే ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్యాకింగ్‌ను ఆపేసినట్టు చెప్పింది.

కాగితానికి శత్రువు తేమ. గాలిలో తేమ 50 శాతం నుంచి 90 శాతానికి పెరిగితే అట్టపెట్టె మోసే బరువు సగం దాకా పడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపట్టణాల్లో వర్షాకాలపు గోదాములో నెల్లాళ్లు కూర్చున్న కాగితపు మెత్తను ఫిబ్రవరిలో నమ్మినంతగా నమ్మకూడదు. ఫిబ్రవరిలో పాసైన పరీక్ష ఆగస్టులో మళ్లీ చేయాలి.

తేనెపట్టు కాగితానిదీ ఇదే వంశం. కాగితాల దొంతరలో చారలు చారలుగా, ఒక పొరకు ఇంకో పొర జరిపి జిగురు పూస్తారు. నిలువుగా కోసి లాగితే గడుల పలక విచ్చుకుంటుంది. 20వ శతాబ్దం ఆరంభంలో జర్మనీలో ఇది అలంకరణ కాగితంగా మొదలైంది. పండగల్లో వేలాడదీసే మడత బంతులు ఆ రకమే. నేడు తలుపుల ఫ్యాక్టరీలకు మూసిన దిమ్మలుగా వెళ్లి అక్కడ తెరుచుకుంటుంది.

గుళికలు, సంచులు

థర్మాకోల్ విచ్చుకునే సరుకని చాలామందికి తోచదు. 1950ల ఆరంభంలో జర్మన్ కంపెనీ బీఏఎస్ఎఫ్ స్టైరోపోర్ పేరుతో తెచ్చిన పాలిస్టైరీన్ గుళికలు పంచదార పలుకుల్లా ఉంటాయి. లోపల కొద్ది శాతం పెంటేన్ ఇమిడి ఉంటుంది. ఆవిరి తగలగానే అది వాయువై, గుళిక పేలాల్లా ఉబ్బి నలభై రెట్లవుతుంది. కొన్ని గంటలు ఆరనిచ్చి, అచ్చులో పోసి మళ్లీ ఆవిరి పెడితే గుళికలు ఒకదానికొకటి అతుక్కుని టీవీ మూలలకు సరిపోయే దిమ్మలవుతాయి. ఆ దిమ్మలో 98 శాతం గాలే. ఉబ్బినదాన్ని దూరం మోయడం దండగ కాబట్టి థర్మాకోల్ అచ్చు యూనిట్లు టీవీలు, ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీల పొరుగునే వెలుస్తాయి. గుళికలు మాత్రం సంచుల్లో ఎంత దూరమైనా వెళ్తాయి. అయితే పెంటేన్ మెల్లగా ఆవిరైపోతుంది, పైగా మండే వాయువు. కొన్ని నెలల్లోపు వాడేయాలి.

అసలు పేలాలనే వాడితే? జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయం మొక్కజొన్న పేలాలతో అచ్చు దిమ్మలు చేసే పద్ధతి కనిపెట్టి ఒక ధాన్యపు కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. ఎలుకల సంగతి ఏం చేస్తారో గాని, ఆలోచన బాగుంది.

కంటైనర్లలో, రైలు పెట్టెల్లో ప్యాలెట్ల మధ్య ఖాళీలో దూర్చే గాలి సంచులు వీటన్నిటిలో పెద్దవి. లోపల ప్లాస్టిక్ తిత్తి, బయట క్రాఫ్ట్ కాగితం పొరలో, నేసిన పాలీప్రొపిలీన్ గుడ్డో. ఖాళీగా ఉన్నప్పుడు మడిచిన గోనెసంచంత. కంప్రెసరు గొట్టం పెడితే టన్నుల సరుకును అటూ ఇటూ నెట్టి పట్టుకుంటుంది. మోతాదు మించి ఊదితే పక్క గోడనో, సరుకునో వంచేస్తుంది. అందుకే ప్రెజర్ గేజీ లేకుండా ఊదనివ్వరు.

తిరుగు ప్రయాణం

ముడుచుకుని వచ్చే సరుకు పొదుపంతా బల్ల దగ్గర ఇంకో రూపంలో ఖర్చవుతుంది. యంత్రం కావాలి, కరెంటు కావాలి, ఎంత ఊదాలో, ఎంత లాగాలో తెలిసిన మనిషి కావాలి. యంత్రం ఆగిందంటే ఆ పూట పార్సెళ్లన్నీ ఆగుతాయి. రోజుకు పది పెట్టెలు కట్టే షాపుకు మామూలు బబుల్ రోలే నయం. కత్తెర, టేపు ఉంటే సరి. వేలల్లో కట్టే గోదాముకే ఈ యంత్రాలు గిట్టుబాటవుతాయి.

వాడాక ఏమవుతుందన్నది ఇంకో లెక్క. గాలి దిండుకు సూది గుచ్చితే మళ్లీ గ్రాము ఫిల్మే. కోతల కాగితం నలిగి పాత కాగితాల కట్టలో కలిసిపోతుంది. థర్మాకోల్ మాత్రం ఉబ్బిన రూపంలోనే ఉండిపోతుంది, బండి నిండినా కిలోలు పడవు. పాత సామాన్లు కొనేవాళ్లు దాన్ని ముట్టుకోకపోవడానికి అదే కారణం. 2022 జులై 1 నుంచి మన దేశంలో అమల్లోకి వచ్చిన నిషేధం థర్మాకోల్‌లో అలంకరణకు వాడేదానికి, పళ్లేలు, కప్పుల్లాంటివాటికి వర్తిస్తుంది. పెళ్లి మండపాల మీద అక్షరాలు ఆ జాబితాలోకి వస్తాయి, ఫ్రిజ్ పెట్టెలోని దిమ్మలు రావు. అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌ను మార్కెట్లో పెట్టే కంపెనీలే దాన్ని తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలన్నాయి. దిమ్మల విషయంలో అది కుదరాలంటే ముందు వాటిలోని గాలి తీయాలి. ముక్కలు చేసి, మరతో నొక్కి, నలభై యాభై రెట్లు కుదించే యంత్రాలు అందుకే ఉన్నాయి. అలా గట్టిపడ్డ పాలిస్టైరీన్‌ను మళ్లీ కరిగించి పట్టీలుగా లాగుతారు. పటాల షాపుల్లో చెక్కలా కనిపించే తేలికపాటి ఫ్రేముల్లో కొన్ని దాంతో చేసినవే.